పిల్లల పిండి ముద్ద: ఉప్పు తూచి వేయండి, పొయ్యి మీద ఉడికించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సెలవులు దగ్గర పడగానే పత్రికల పిల్లల పేజీల్లో ‘ఇంట్లోనే క్లే చేసుకుందాం’ అంటూ ఒక చిన్న బాక్సు కట్టి వేస్తుంటారు. కప్పు మైదా, అర కప్పు ఉప్పు, కాస్త నూనె, నచ్చిన రంగు, తగినన్ని నీళ్లు పోసి ముద్ద చేసేయడమే. కింద ఒక భరోసా కూడా ఉంటుంది: ‘అన్నీ వంటింటి సరుకులే, పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు.’ పిండిని పచ్చిగానే పిల్లల చేతికి ఇమ్మనడం, ఉప్పును కప్పుతో కొలవమనడం, పైగా ఆ భరోసా... మూడూ సరిదిద్దాల్సినవే.

ముందు ఉప్పు లెక్క చూద్దాం. అర కప్పు మెత్తటి ఉప్పు సుమారు 145 గ్రాములు తూగుతుంది. కప్పు మైదా 130 గ్రాములు, నీళ్లు కప్పు నిండా పోశారనుకున్నా 240 గ్రాములు, నూనె 14 గ్రాములు. అంతా కలిపితే 530 గ్రాముల ముద్ద. అంటే అందులో నాలుగో వంతుకు పైగా ఉప్పే. ఈ ముద్దలోంచి 20 గ్రాములు తుంచి ఉండ చేస్తే అడ్డంగా మూడు సెంటీమీటర్లు ఉంటుంది. అందులో ఉప్పు ఐదు గ్రాములు దాటుతుంది. పెద్దవాళ్లే రోజు మొత్తం మీద ఐదు గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలామంది పిల్లలు నాలుకకు తగలగానే ఉమ్మేస్తారు, నిజమే. ఉప్పదనం నచ్చి మళ్లీ మళ్లీ కొరికేవాళ్లూ ఉంటారు. బాగా మింగిన పిల్లవాడికి విపరీతమైన దాహం, వాంతులు, మగత కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కక్కించడానికని ఉప్పునీళ్లు తాగించే పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు, ఉన్న ఉప్పు మీద ఇంకా ఉప్పు పోసినట్టవుతుంది.

ఇక పచ్చి పిండి. గోధుమ పొలంలో పండి, కోతలు అయి, మిల్లుకెళ్లి పిండి అవుతుంది. ఈ దారిలో ఎక్కడా సూక్ష్మక్రిములను చంపే వేడి దానికి తగలదు. పొడిగా, తెల్లగా ఉంది కాబట్టి శుభ్రమైనదే అనుకుంటాం. ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటివి పొడి పిండిలో నెలల తరబడి బతికి ఉండగలవు. 2016లో అమెరికాలో పిండి ద్వారా ఈ.కోలై వ్యాపించినప్పుడు, పిల్లలకు పచ్చి పిండి ముద్దలు ఆడుకోవడానికి ఇవ్వొద్దని అక్కడి ఆరోగ్య సంస్థలు ప్రత్యేకంగా హెచ్చరించాయి. పొడి పిండిని బాణలిలో వేయించి వాడితే సరిపోతుందని కొందరు చెబుతారు. తడి లేనప్పుడు ఈ క్రిములు వేడికి బాగా తట్టుకుంటాయి, పిండి ఎర్రబడినా అవి చచ్చాయని నమ్మకం లేదు. నీళ్లతో కలిపి ఉడికించిన ముద్ద సంగతి వేరు. గిన్నెలోంచి తీసేసరికి అది లోపలిదాకా పొగలు కక్కుతూ ఉంటుంది.

ఉడికించడం వల్ల ముద్ద గుణం కూడా మారుతుంది. పచ్చి మైదాను చల్లటి నీళ్లతో పిసికితే సాగుతుంది, వదిలేస్తే వెనక్కి ముడుచుకుంటుంది. పిల్లవాడు కష్టపడి చేసిన ఏనుగు తొండం కాసేపటికి పొట్టిగా అయిపోవడానికి కారణం ఇదే, గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ రబ్బరులా లాగుతుంది. వేడి తగిలితే పిండిలోని గంజి (స్టార్చ్) రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. గోధుమ గంజికి మామూలు నీళ్లలో 60 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ ఉబ్బడం మొదలవుతుంది, ఉప్పునీళ్లలో అయితే ఇంకా ఎక్కువ వేడి కావాలి. అలా నీటిని పట్టేసుకున్న గంజి చల్లారాక కూడా దాన్ని వదలదు. అందుకే ఉడికిన ముద్ద ఒత్తిన చోట ఒత్తినట్టే నిలబడుతుంది, చేతికి అంటుకోదు, వారాల తరబడి ఉంటుంది. పచ్చి ముద్ద మర్నాటికే కారిపోయి జిగురవుతుంది.

మరిగే నీళ్లు పోసి కలిపితే పొయ్యి అక్కర్లేదనే పద్ధతి కూడా ఒకటుంది. అసలు ఉడికించకపోవడం కంటే అది నయమే. అయితే నీళ్లు పోసిన క్షణంలోనే పిండి, ఉప్పు, గిన్నె మూడూ కలిసి వేడిని లాగేసుకుంటాయి. ముద్ద మధ్యలో ఒక చోట ఉడుకుతుంది, అంచున పచ్చిగానే ఉంటుంది. అందుకని అలా కలిపినా చివర్లో రెండు నిమిషాలు సన్నని మంట మీద తిప్పక తప్పదు. ఎలాగూ పొయ్యి వెలిగించాలి కదా, ఆ పనేదో మొదటి నుంచే చేస్తే పోతుంది.

కొలతలు తూకంలో చెప్పుకుందాం. మైదా 130 గ్రాములు, మెత్తటి ఉప్పు 80 గ్రాములు, నీళ్లు 240 మిల్లీలీటర్లు, వాసన లేని వంటనూనె ఒక టేబుల్ స్పూన్, క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి రెండు టీస్పూన్లు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు సరిపోయే ముద్ద వస్తుంది. తూకం లేని ఇంట్లో 240 మిల్లీలీటర్ల కప్పుతో కొలిస్తే ఉప్పు పావు కప్పు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. రాళ్ల ఉప్పును మాత్రం కప్పుతో కొలవకండి, రాళ్ల మధ్య ఖాళీలు ఉంటాయి, ఒక్కో రకానికి ఒక్కో బరువు తూగుతుంది. మెత్తగా పొడి చేసి తూచుకోండి.

ఉప్పు 80 గ్రాములే ఎందుకు, అందరూ చెప్పే అర కప్పు ఎందుకు కాదు? 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగే ఉప్పు దాదాపు 36 గ్రాములు. చక్కెర లాగా కాదు, నీళ్లు వేడి చేసినా ఈ లెక్క పెద్దగా పెరగదు. కప్పు నీళ్లలో కరిగేది 86 గ్రాముల వరకే. 145 గ్రాములు వేస్తే మిగతా 60 గ్రాములు ముద్దలో ఇసుకలా మిగిలిపోతాయి. ఎంత పిసికినా ముద్ద గరగరలాడుతోందని చాలామంది విసుక్కునేది దీనికే, తప్పు చేతిది కాదు. ఉప్పు ముద్దను బూజు పట్టకుండా కాపాడుతుంది, కాదనలేం. కానీ ఆ పని చేసేది నీళ్లలో కరిగిన ఉప్పు. కరగకుండా మిగిలింది బూజును అడ్డుకునేది ఏమీ లేదు, పిల్లల వేళ్ల మీద గీతలుంటే మండించడం తప్ప.

క్రీమ్ ఆఫ్ టార్టార్ అంటే ద్రాక్షసారా తయారయ్యే పీపాల గోడలకు గట్టిగా పేరుకునే పుల్లటి లవణం. దాన్ని శుద్ధి చేసి పొడిగా అమ్ముతారు. ముద్ద నునుపుగా రావడానికి, వంచితే పెళుసుగా విరగకుండా ఉండటానికి ఈ పులుపు పనికొస్తుంది. దొరక్కపోతే నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్ గానీ, నిమ్మ ఉప్పు అర టీస్పూన్ గానీ వేసుకోవచ్చు. నిమ్మరసం వేస్తే అంతమేర నీళ్లు తగ్గించాలి. పులుపు అసలు వేయకపోయినా ముద్ద అవుతుంది, కాకపోతే తొందరగా పొడిబారి విరుగుతుంది. అలాగని ఎక్కువ వేయడమూ మంచిది కాదు. పులుపు ఎక్కువై ఉడికే సమయం కూడా సాగితే గంజి బిగువు తగ్గి ముద్ద జారిపోతుంది.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. అడుగు దళసరిగా ఉన్న గిన్నె గానీ నాన్‌స్టిక్ పాత్ర గానీ తీసుకోండి. పొయ్యి వెలిగించక ముందే మైదా, ఉప్పు, క్రీమ్ ఆఫ్ టార్టార్ పొడిగా కలిపి, చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు లేకుండా జారుగా చేయాలి. తర్వాత నూనె. ముద్ద అంతా ఒకే రంగులో కావాలంటే ఆ రంగు ఇప్పుడే నీళ్లలో కలపాలి, తర్వాత పిసికి కలిపే బాధ తప్పుతుంది. వేడి నీళ్లలో పిండి పోస్తే పైపొర వెంటనే ఉడికి గట్టిపడుతుంది, లోపల పొడి పిండి అలాగే బందీ అయిపోతుంది. ఆ ఉండలు ఇక విడవవు.

మంట సన్నగా ఉంచి, అంచు తిన్నగా ఉన్న చెక్క గరిటెతో గిన్నె అడుగును గీరుతూ తిప్పండి. మొదటి నిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండో నిమిషంలో గరిటె కింద మెత్తటి ముక్కలు తగులుతాయి. చెడిపోయిందేమో అనిపించే ఘట్టం ఇదే. చెడిపోలేదు, అడుగున గంజి ఉబ్బడం మొదలైంది, తిప్పడం ఆపకండి. క్షణాల్లో మొత్తం చిక్కబడుతుంది, గరిటె బరువెక్కుతుంది. నాలుగో నిమిషానికి గిన్నె గోడల నుంచి విడివడి గరిటె చుట్టూ ఒకే గడ్డగా చేరుతుంది. పైన తడి మెరుపు పోయి మసకబారుతుంది. అప్పుడు గరిటెతో చిటికెడంత ముక్క పళ్లెంలో వేసి, అర నిమిషం ఆగి, రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. వేళ్లకు అంటుకోకపోతే దించేయాలి. అంటుకుంటే ఇంకో నిమిషం. గిన్నెలో పూర్తిగా పొడిగా కనిపించేదాకా ఆగితే ఎక్కువ ఉడికినట్టే, చల్లారాక రాయిలా అవుతుంది. గిన్నెలో కాస్త మెత్తగా అనిపించినప్పుడే దించడం సరైన అదను.

దించిన ముద్దను పీట మీదకో పెద్ద పళ్లెంలోకో తిప్పి, తడి పిండేసిన బట్ట కప్పి పది నిమిషాలు వదిలేయండి. పైన చల్లబడినట్టు ఉన్నా లోపల వేడి చాలాసేపు నిలుస్తుంది, మధ్యకు వేలు గుచ్చితే చుర్రుమంటుంది. ఈ దశలో పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. చేయి ఓర్చుకునే వేడికి వచ్చాక మూడు నుంచి ఐదు నిమిషాలు అరచేతి మడమతో నెట్టుతూ, మడతపెడుతూ పిసకాలి. గతుకులుగా ఉన్న ముద్ద చేతిలోనే పట్టులా మారడం కనిపిస్తుంది. పూర్తిగా చల్లారనిచ్చి పిసికితే అంత నునుపు రాదు.

చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ముద్ద జిగురుగా ఉందనిపిస్తే చేయి తిన్నగా పిండి డబ్బాలోకి పోతుంది. గుప్పెడు పొడి పిండి చల్లి పిసికితే ఆ నిమిషానికి బాగుంటుంది. పది నిమిషాల్లో ఆ పిండి తడి పీల్చుకుని మళ్లీ జిగురవుతుంది, మళ్లీ గుప్పెడు. చివరికి కష్టపడి ఉడికించిన ముద్దలోకి పచ్చి పిండినే తెచ్చి కలిపినట్టవుతుంది. జిగురుకు మందు పిండి కాదు, పొయ్యే. గిన్నెలో వేసి సన్నని మంట మీద ఇంకో నిమిషం రెండు నిమిషాలు తిప్పితే ఎక్కువైన నీరు ఆవిరైపోతుంది. ముద్ద పగుళ్లిస్తుంటే దానికి నీళ్లు పోయకూడదు, పైన జారిపోయి లోపల పొడిగానే ఉంటుంది. అరచేతులు తడుపుకుని పిసకాలి, చాలకపోతే మళ్లీ తడుపుకోవాలి. జిడ్డుగా ఉండి విరిగిపోతుంటే నూనె ఎక్కువైందని అర్థం. దాన్ని తీసేయలేం, నూనె లేకుండా ఇంకో సగం ముద్ద ఉడికించి దీనితో కలుపుకోవాలి. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, దానితో చేసిన ముద్ద కూడా చలికాలంలో బిగుసుకుంటుంది. వేరుశెనగ, నువ్వుల నూనెలు కొందరు పిల్లలకు పడవు కాబట్టి బడుల్లో వాడకపోవడమే మేలు.

రంగుల దగ్గర ఆహారపు రంగులు తప్ప మరేవీ వద్దు. బట్టలకు వేసే రంగులు, గోడల రంగులు చేతులతో గంటల తరబడి పిసకడానికి చేసినవి కావు. ఒకే ముద్దకు నాలుగు రంగులు కావాలంటే ఉడికాక నాలుగు భాగాలు చేసి, ఒక్కో దాంట్లో వేలితో గుంట చేసి, గుంటలో రంగు చుక్కలు వేసి, గుంట మూసి పిసకాలి. పైన వేస్తే ముందు చేతికే అంటుతుంది. నీళ్లలాంటి రంగు కంటే జెల్ రంగు నయం, ముద్దను పలచన చేయదు. పసుపు వేస్తే చక్కటి రంగు వస్తుంది. ఆట అయ్యాక సబ్బుతో కడిగితే చేతులు ఎర్రగా మారతాయి, కంగారు పడొద్దు, క్షారం తగిలితే పసుపుకు ఉండే గుణమే అది. ముద్దలో పులుపు ఉంటుంది కాబట్టి ముద్ద మాత్రం పచ్చగానే ఉంటుంది. బీట్‌రూట్ రసం ఉడకబెడితే వన్నె తగ్గి గోధుమ రంగుకు తిరుగుతుంది, దాన్ని దించాక కలుపుకోవాలి.

దాచడం మీద కూడా ఒక మాట. ముద్ద పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. గోరువెచ్చగా మూతపెడితే ఆవిరి మూతకు పట్టి, చుక్కలై ముద్ద మీద పడుతుంది, పైపొర బంకగా అయిపోతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో నెల రోజుల పైనే ఉంటుంది. వానాకాలంలో ముద్దకు చెమట పట్టడం మరో ఫిర్యాదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే నీటిని లాక్కుంటుంది. శుద్ధి చేయని ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ అనే మరో లవణం కలిసి ఉంటుంది, అది 33 శాతం తేమకే చెమ్మగిల్లుతుంది. అందుకే రాళ్ల ఉప్పు ముద్దలు ముందు కారతాయి. అలాంటి రోజుల్లో ఆడుకున్నంతసేపే బయట ఉంచి వెంటనే డబ్బాలోకి తీసేయాలి. ఎండాకాలంలో దీనికి పూర్తి వ్యతిరేకం, నీరు ఆవిరై ఉప్పు తెల్లటి పొడిలా పైకి తేలుతుంది. అది బూజు కాదు, తడి చేత్తో పిసికితే పోతుంది. నూగుగా, ఆకుపచ్చగానో నల్లగానో మచ్చలు కనిపిస్తే మాత్రం అది బూజే. ఆ ముక్క వరకు తుంచేసి మిగతాది వాడుకోవడం కుదరదు, మొత్తం పారేయాల్సిందే.

ఆకారాలు చేసి ఎండబెట్టి దాచుకోవాలని పిల్లలు అడుగుతారు. ఈ ముద్ద అందుకు తగదు, ఎండితే చీలుతుంది. దానికి వంట సోడా రెండు కప్పులు, కార్న్‌ఫ్లోర్ కప్పు, చల్లటి నీళ్లు కప్పుంపావు కలిపి, అదే పద్ధతిలో గట్టి ముద్ద అయ్యేదాకా ఉడికించి, తడిబట్ట కింద చల్లార్చి వాడుకోవచ్చు. తెల్లగా, నునుపుగా ఉంటుంది. నీడలో ఒకటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది. మందం సెంటీమీటరు దాటితే పైభాగం ముందు ఎండి బిగుసుకుని పగుళ్లు వస్తాయి. ఇందులో ఉప్పు లేదు కదా అని నోట్లో పెట్టనివ్వకూడదు, వంట సోడాలో కూడా ఉండేది సోడియమే.

గోధుమ పడని పిల్లలకు బియ్యప్పిండి కప్పు, కార్న్‌ఫ్లోర్ అర కప్పు, పైన చెప్పినంతే ఉప్పు, నీళ్లు, పులుపు, నూనె ఒకటిన్నర టీస్పూన్లు వేసి ఉడికించండి. గ్లూటెన్ లేనందువల్ల సాగదు, పొడవాటి పాములు చేయబోతే మధ్యలో తెగుతాయి. ఉండలు, అచ్చులు బాగా వస్తాయి. బోరాక్స్ అనే రసాయనం వేయమనే కొలతలు ఎక్కడైనా కనిపిస్తే పక్కన పెట్టేయండి, పిండి ముద్దకు దానితో పనే లేదు.

ఎన్నాళ్లైనా ఎండని క్లేతో దీన్ని పోల్చి నిరాశపడేవారూ ఉన్నారు. 1897లో ఇంగ్లండులో పుట్టిన ప్లాస్టిసీన్ అనే క్లేను నూనె, మైనం జాతి పదార్థాలతో కలిపి చేస్తారు, అందులో ఆవిరైపోవడానికి నీరే ఉండదు. 1956లో ఆటవస్తువుగా అమ్మకానికి వచ్చిన ప్లే డో అంతకుముందు గోడకాగితాల మీద మసి తీసే ముద్ద. అది గోధుమపిండిదే కాబట్టి మూత తీసి వదిలేస్తే ఎండుతుంది, మన ముద్ద దాని కోవలోదే.

మూడేళ్ల లోపు పిల్లలకు పూసలు, గింజలు, మెరుపు పొడి కలపొద్దు, పక్కన పెద్దవాళ్లు లేకుండా ఇవ్వొద్దు. ఆటకు ముందూ తర్వాతా చేతులు కడగాలి. బడిలో అయితే ఒక్కొక్కరికీ ఒక ముద్ద, పేరు రాసిన డబ్బా. జలుబు, విరేచనాలు ఉన్న పిల్లవాడు పిసికిన ముద్ద మళ్లీ వాడకూడదు. ఇనుప అచ్చులు ఉప్పుకు తుప్పు పడతాయి, కడిగి తుడిచి ఆరబెట్టాలి. తివాచీకి అంటితే తడిపి రుద్దకండి, ఎండనిచ్చి బ్రష్‌తో దులిపితే రాలిపోతుంది. పాత ముద్దను సింకులో వేసి నీళ్లు వదిలితే గొట్టంలో గంజి పేరుకుంటుంది, చెత్తబుట్టలోనే వేయాలి.

అదీ మూత ఉన్న చెత్తబుట్టలో. కుక్కలు ఈ ముద్దను వాసన పట్టి మొత్తం మింగేస్తాయి, పిల్లల్లా ఉమ్మేయవు. అంత ఉప్పు వాటికి వణుకు, మూర్ఛలు తెప్పించి ప్రాణం మీదకు తెస్తుంది. క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉన్న ముద్ద తిన్న కుక్కల మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు పశువైద్యులు గుర్తించారు కూడా. మీ పిల్లల పేజీలో మళ్లీ ఆ బాక్సు వేసేటప్పుడు ‘నోట్లో పెట్టుకున్నా భయం లేదు’ అన్న వాక్యం తీసేసి, ఆ చోట ‘కుక్క ఉన్న ఇంట్లో డబ్బాను పై అరలో పెట్టండి’ అని వేయమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు